మార్చుకోలేనిదాన్ని ముందు చూడండి
హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీ ఎంచుకునే పద్ధతి

పోయిన సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు ఊరొచ్చాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేరి రెండేళ్లయింది. భోగి నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద నా పక్కన చేరి, ఫోన్ తీసి ఒక పట్టిక చూపించాడు. పైన నాలుగు మెషీన్ల పేర్లు: స్టీమ్ డెక్ ఓలెడ్, ఆర్‌ఓజీ అలై ఎక్స్, లీజియన్ గో, ఎంఎస్‌ఐ క్లా 8. కింద వరసగా ప్రాసెసర్, ర్యామ్, స్క్రీన్, రిఫ్రెష్ రేటు... ఇరవై దాకా అంశాలు. ప్రతి గడిలోనూ ఒక అంకె.

"మూడు నెలల నుంచి చూస్తున్నాను పెదనాన్నా. రోజుకొకటి బాగుందనిపిస్తోంది. మీరే చెప్పండి, ఏది బెస్టు?"

"అది తర్వాత. పోయిన వారంలో నీకు ఆడుకునే తీరిక ఎప్పుడు దొరికింది?"

వాడు కాసేపు ఆలోచించాడు. "రాత్రి పదకొండు దాటాక. అరగంట, నలభై నిమిషాలు. మంచం మీద వాలి."

"వెల్లకిలా పడుకుని, మెషీన్‌ను మొహానికి పైన ఎత్తి పట్టుకుని ఆడతావన్నమాట. మరి నీ పట్టికలో బరువు ఎన్నో వరసలో ఉంది?"

వాడు వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్లాడు. చివరి నుంచి రెండో వరస.

ఈ అధ్యాయం ఆ రెండో వరస గురించే. ఏ వస్తువు కొనేటప్పుడైనా మనం అమ్మేవాళ్లు పైన రాసినదాన్ని పైనే చూస్తాం, కింద రాసినదాన్ని కిందే వదిలేస్తాం. ఆ వరసను మన జీవితాన్ని బట్టి తిరగరాసుకోవడమే ఎంపిక. అందుకు నేను పాటించే సూత్రం ఒక్కటే: కొన్న తర్వాత మార్చుకోగలిగినవాటికి తక్కువ ఆలోచన, మార్చుకోలేనివాటికి ఎక్కువ ఆలోచన.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల కిందట అన్నిటికన్నా పెద్ద స్క్రీన్ ఏది అని చూసి ఒకటి కొన్నాను. నాకు దొరికే తీరికంతా బస్సులోనూ, స్టేషన్లోనూ. అంత పెద్ద వస్తువును అక్కడ బయటికి తీయలేకపోయాను. మెషీన్ మంచిదే, నా రోజుకు సరిపోలేదు. ఏడాది అలమరాలో ఉండి, సగం ధరకు వేరొకరికి వెళ్లింది. ఆ డబ్బు కన్నా, ఆ ఏడాది ఆడలేకపోయానన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పట్టిక ఎందుకు తేల్చదు?

విండోస్ నడిచే చిన్న గేమింగ్ పీసీలను చైనాకు చెందిన జీపీడీ 2016 నాటికే తెచ్చింది. కానీ ఈ రంగం జనంలోకి వచ్చింది 2022 ఫిబ్రవరిలో, వాల్వ్ సంస్థ స్టీమ్ డెక్‌ను 399 డాలర్ల ప్రారంభ ధరతో విడుదల చేసినప్పుడు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో అసుస్ ఆర్‌ఓజీ అలై, శీతాకాలానికి లెనోవో లీజియన్ గో వచ్చాయి. 2024లో ఎంఎస్‌ఐ క్లా చేరింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 2023లో వచ్చిన అలై పై మోడల్‌లోనూ, లీజియన్ గోలోనూ ఉన్నది ఒకటే చిప్, ఏఎండీ జెడ్1 ఎక్స్‌ట్రీమ్. గుండె ఒకటే అయినా ఆ రెండూ వాడకంలో ఏమాత్రం పోలిక లేనివి. ఒకటి 608 గ్రాములు, ఇంకొకటి 854 గ్రాములు. ఒకదాని స్క్రీన్ 7 అంగుళాలు, ఇంకొకదానిది 8.8. ఒకటి ఒకే ముక్క, రెండోదాని కంట్రోలర్లు ఊడదీసుకోవచ్చు. అంటే ప్రాసెసర్ దగ్గర మొదలుపెట్టినవాడికి రెండూ సమానంగా కనిపిస్తాయి. అసలు తేడా అంతా పట్టిక అడుగున ఉంది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క మార్చుకోగలిగినవి రాయండి. స్టోరేజీ అందులోకి వస్తుంది. వీటిలో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు, మెమరీ కార్డు వేసుకోవచ్చు. గేమ్ సెట్టింగులు, పవర్ మోడ్, పౌచ్, చార్జర్ కూడా అందులోవే. కుడి పక్క మార్చుకోలేనివి: బరువు, స్క్రీన్, బ్యాటరీ పరిమాణం, బోర్డు మీద అతికించి వచ్చే ర్యామ్, బటన్ల అమరిక, మీ ఊరికి సర్వీస్ సెంటర్ ఎంత దూరమన్నది. వీటన్నిటి కింద ఇంకొకటి రాయండి: మీకు దొరికే తీరిక. మొదటి రోజే కుడి పక్క సంగతి తేల్చుకుంటే ఎడమ పక్కది తర్వాత చూసుకోవచ్చు.

బరువు: అరగంట పరీక్ష

అంకెలు ఇవి. స్టీమ్ డెక్ ఓలెడ్ 640 గ్రాములు. అలై ఎక్స్ 678. లీజియన్ గో ఎస్ 740. క్లా 8 ఏఐ ప్లస్ 795. మొదటి లీజియన్ గో 854. 2025లో వచ్చిన లీజియన్ గో 2 ఏకంగా 920. షాపులో రెండు నిమిషాలు పట్టుకుంటే ఇవన్నీ తేలిగ్గానే ఉంటాయి. తేడా ఇరవయ్యో నిమిషంలో మణికట్టుకు తెలుస్తుంది.

దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. వంటింటి తూకం మీద రెండు పుస్తకాలు కలిపి 650 గ్రాములు అయ్యేలా చూసి రబ్బరు బ్యాండు వేయండి. ఇంకో జత 850 గ్రాములకు కట్టండి. మీరు మామూలుగా ఆడే భంగిమలోనే, కుర్చీలోనైతే కుర్చీలో, మంచం మీదైతే మంచం మీద, ఒక్కోదాన్ని అరగంట రెండు చేతులతో పట్టుకుని ఏదైనా వీడియో చూడండి. ఆ గంటలో మీ చేతులు చెప్పే జవాబు ఏ సమీక్షకుడూ చెప్పలేడు.

టేబుల్ మీద పెట్టి ఆడేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. లీజియన్ గో వెనక స్టాండు ఉంది, కంట్రోలర్లు విడిగా చేతిలోకి తీసుకోవచ్చు. అప్పుడు 854 గ్రాములు బల్ల మోస్తుంది, మీరు మోయరు.

బ్యాటరీ: ఒక్క భాగహారం చాలు

ప్రకటనలో గంటలు రాస్తారు. మీరు వాట్ అవర్లు చూడండి. దాన్ని మెషీన్ లాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. మొదటి అలై బ్యాటరీ 40 వాట్ అవర్లు. చిప్‌ను 25 వాట్ల దగ్గర నడిపితే, స్క్రీన్, ఫ్యాన్, వైఫై కలుపుకుని మొత్తం 35 దాటుతుంది. అంటే గంటకు కాస్త పైన. అదే మెషీన్లో తేలికపాటి గేమ్ పెట్టి చిప్‌ను కిందికి దించి, మొత్తం 16 వాట్లకు తెస్తే రెండున్నర గంటలు. బ్యాటరీ త్వరగా అయిపోయే ఆ ఇబ్బందిని తీర్చడానికే 2024లో వచ్చిన అలై ఎక్స్‌లో బ్యాటరీని సరిగ్గా రెట్టింపు చేసి 80 వాట్ అవర్లకు పెంచారు. స్టీమ్ డెక్ ఓలెడ్‌కు 50. దాని మీద వాల్వ్ చెప్పే సమయం "3 నుంచి 12 గంటలు". ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే చెబుతోంది, గంటలు మెషీన్ కన్నా మీరు ఆడే గేమ్ మీద ఎక్కువ ఆధారపడతాయని.

చిన్న ఉపాయం ఒకటి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60 అయితే దాదాపు 17. సరిగ్గా ఆ రెండింటి నడుమ ఉన్నది 25 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 40 ఫ్రేములు. పెద్ద గేములను 40 దగ్గర ఆపి ఆడితే 60లో దొరికే నునుపు సగం దక్కుతుంది, బ్యాటరీ ఖర్చు బాగా తగ్గుతుంది. ఇది మార్చుకోగలిగిన సెట్టింగు. బ్యాటరీ పరిమాణం మార్చుకోలేనిది. అందుకే రెండోదాన్ని ముందు చూడమంటున్నాను.

విమానంలో తీసుకెళ్లే సంగతి చాలామంది అడుగుతారు. చేతి సామానులోని పరికరాల్లో లిథియం బ్యాటరీకి మామూలుగా అనుమతించే హద్దు 100 వాట్ అవర్లు. ఇక్కడ చెప్పుకున్న మెషీన్లన్నీ ఆ లోపే ఉన్నాయి.

స్క్రీన్: ఎక్కువ అంటే మేలు కాదు

స్టీమ్ డెక్ స్క్రీన్ మీద చుక్కలు 1280 అడ్డం, 800 నిలువు. మొత్తం పది లక్షల చిల్లర. అలై మీద 1920 అడ్డం, 1080 నిలువు, ఇరవై లక్షలు దాటాయి. మొదటి లీజియన్ గో మీద 2560 అడ్డం, 1600 నిలువు, దాదాపు నలభై ఒక్క లక్షలు. డెక్ కన్నా సరిగ్గా నాలుగు రెట్లు. ప్రతి చుక్కనూ సెకనుకు అన్నిసార్లు గీయాల్సింది ఆ చిన్న చిప్పే. అలైలో ఉన్న చిప్పే లీజియన్ గోలో రెండింతల పని నెత్తికెత్తుకుంది.

దాంతో ఏమవుతుంది? పెద్ద గేములకు వాడేవాళ్లు ఆ స్క్రీన్‌ను 1280కి, 800కి దించుకుంటారు. లెనోవో కూడా లీజియన్ గో 2లో చుక్కలను 1920కి, 1200కి తగ్గించి, ఆ ఖర్చును ఓలెడ్ మీద పెట్టింది. తయారుచేసినవాళ్లే వెనక్కి తగ్గిన అంకె కోసం మీరు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

చుక్కల బదులు రెండు విషయాలు చూడండి. మొదటిది ఓలెడ్. నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, కాబట్టి దీపం ఆర్పేసి ఆడేవాళ్లకు ఇది పెద్ద సుఖం. రెండోది వేరియబుల్ రిఫ్రెష్. గేమ్ ఎంత వేగంగా ఫ్రేము ఇస్తే స్క్రీన్ అంతే వేగంతో మారుతుంది, 60 నుంచి 48కి పడినా కుదుపు కంటికి తెలియదు. అలైకి ఇది మొదటి నుంచీ ఉంది. స్టీమ్ డెక్‌కు, మొదటి లీజియన్ గోకు లేదు. ఓలెడ్ కావాలో, ఇది కావాలో మీరు ఆడే వేళ చెబుతుంది.

గేములు: ముందు పది పేర్లు రాయండి

ఎంపికలో నిజంగా గోడ కట్టేది ఇదే. స్టీమ్ డెక్ నడిచేది లినక్స్ మీద తయారైన స్టీమ్ఓఎస్‌తో. ప్రోటాన్ అనే పొర విండోస్ గేములను అందులో నడిపిస్తుంది. వాల్వ్ నడిపే ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్‌లోని వేలాది గేములు అలా హాయిగా నడుస్తున్నాయి. కానీ ఆన్‌లైన్‌లో మోసాలను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములు కొన్ని లినక్స్‌ను ఒప్పుకోవు. ఫోర్ట్‌నైట్, వాలరెంట్, డెస్టినీ 2, ఇటీవలి కాల్ ఆఫ్ డ్యూటీలు అందులో ఆడలేరు. ఎపెక్స్ లెజెండ్స్ మొదట నడిచేది, 2024 చివర్లో లినక్స్‌కు తలుపు మూసింది. జీటీఏ 5 కథ నడుస్తుంది, దాని ఆన్‌లైన్ విభాగానికి 2024 సెప్టెంబరులో అడ్డు పడింది.

అలాగని విండోసే మేలనుకోవద్దు. స్టీమ్ఓఎస్‌కు ఒక గొప్ప గుణం ఉంది. ఆట మధ్యలో పవర్ బటన్ నొక్కితే నిద్రపోతుంది. మళ్లీ నొక్కితే కొన్ని సెకన్లలో ఆగిన చోటి నుంచే సాగుతుంది. పాలు పొంగేలోపు, బస్సు వచ్చేలోపు ఆడేవాళ్లకు ఆ గుణం ముందు ప్రాసెసర్ వేగం చిన్నది. విండోస్ వేలితో తాకి నడిపే చిన్న స్క్రీన్ కోసం పుట్టింది కాదు. అప్‌డేట్లు, పాప్‌అప్‌లు ఆ కొద్దిపాటి తీరికను తినేస్తాయి. దీన్ని సరిచేయడానికి 2025 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలైలో డెస్క్‌టాప్ జోలికి పోకుండా నేరుగా గేముల తెరకు వెళ్లే పద్ధతి పెట్టారు.

అదే ఏడాది లెనోవో ఒకే శరీరంతో రెండు లీజియన్ గో ఎస్‌లు అమ్మింది, ఒకటి విండోస్‌తో, ఇంకొకటి స్టీమ్ఓఎస్‌తో. అంటే ఆపరేటింగ్ సిస్టం మెల్లగా కాగితంలో ఎడమ పక్కకు జరుగుతోంది. యాంటీ చీట్ అడ్డు మాత్రం ఇంకా కుడి పక్కనే ఉంది.

అందుకని రాబోయే ఆరు నెలల్లో మీరు నిజంగా ఆడే పది గేములు రాయండి. ఒక్కోదాన్ని స్టీమ్ దుకాణంలో వెతకండి. డెక్ మీద అది పూర్తిగా సరిపోయిందా, సర్దుకుని ఆడాలా, నడవదా అన్నది అక్కడే గుర్తుతో చూపిస్తారు. పదింటిలో మూడు నడవకపోతే విండోస్ తీసుకోండి. పదీ నడిస్తే స్టీమ్ఓఎస్ తీసుకోండి. కొన్న గేము మీ మెషీన్లో సరిగా రాకపోతే 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. ఆ అవకాశాన్ని వాడుకోండి.

ఊరు, బిల్లు, సర్వీసు

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు స్టీమ్ డెక్‌ను నేరుగా వాల్వ్ దగ్గరే కొనుక్కోవచ్చు. మన దేశంలో ఈ అధ్యాయం రాసేనాటికి వాల్వ్ దాన్ని అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దొరికేవి బయటి నుంచి తెప్పించినవి. అలై మాత్రం 2023 జూలైలోనే 69,990 రూపాయలకు మన మార్కెట్లోకి వచ్చింది.

అన్నయ్య డల్లాస్ నుంచి తెస్తానంటే ఒక ప్రశ్న అడగండి: పాడైతే ఎవరు చూస్తారు? వారంటీ కొన్న దేశానికే పరిమితమా కాదా అన్నది కాగితంలో చదవండి. ఈ మెషీన్లలో ముందు అరిగేది బొటనవేలి కింది జాయ్‌స్టిక్. ముట్టుకోకపోయినా బొమ్మ పక్కకు జరగడం మొదలవుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులకు ఈ అరుగుదల తక్కువ. లీజియన్ గోలోనూ, క్లాలోనూ అవే ఉన్నాయి. డెక్‌లో లేవు గానీ దాని విడిభాగాలు ఐఫిక్సిట్ అనే సంస్థ అమ్ముతుంది. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లకు అది ధైర్యం. రానివాళ్లకు దగ్గర్లోని సర్వీస్ సెంటరే ధైర్యం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట కొంటే పెట్టె మీ ముందే తెరిపించండి. తెల్లటి, నల్లటి తెరలు పెట్టి స్క్రీన్ మీద చచ్చిన చుక్కలున్నాయేమో చూడండి. స్టిక్కులు గుండ్రంగా తిప్పండి. చార్జింగ్ ఎక్కుతోందా చూడండి. సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఐదు వేలు తగ్గిస్తామని బిల్లు ఎగ్గొడితే ఆ ఐదు వేలు రేపు మీరే కడతారు.

ఎవరికి ఏది?

అన్నీ చదివాక కూడా సూటి జవాబు కావాలి కదా. నా తీర్పు ఇది.

తీరిక ముక్కలు ముక్కలుగా దొరికి, గేములన్నీ స్టీమ్‌లోనే ఉండి, రాత్రిపూట ఆడేవాళ్లకు స్టీమ్ డెక్ ఓలెడ్. వేగంలో వెనకబడినా, చేతికి తీసుకున్న క్షణంలో ఆట మొదలవుతుంది. మౌస్‌తో ఆడే వ్యూహం ఆటలకు దాని రెండు ట్రాక్‌ప్యాడ్లు బాగా పనికొస్తాయి.

మన దేశంలో ఉండి, సర్వీసు కావాలనుకుని, మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ గేములు, ఫోర్ట్‌నైట్ అన్నీ ఆడేవాళ్లకు అలై ఎక్స్ వరస. 80 వాట్ అవర్ల బ్యాటరీ, 24 జీబీ ర్యామ్ ఉన్నాయి. ఇవి రెండూ తర్వాత పెంచుకోలేనివే.

ఇంట్లో బల్ల మీద పెట్టుకుని, పెద్ద తెర మీద ఆడేవాళ్లకు లీజియన్ గో. ప్రయాణాలు ఎక్కువగా ఉంటే దాని జోలికి వెళ్లకండి.

ఇంట్లో ఇప్పటికే మంచి గేమింగ్ పీసీ, గట్టి వైఫై ఉంటే ఖరీదైనది అసలు వద్దు. గేమ్ పీసీలో నడిపి, బొమ్మను హ్యాండ్‌హెల్డ్ మీదికి తెచ్చుకోవచ్చు. చవకది చాలు.

ఇంకొక మాట, విద్యార్థులకు. చదువుకు ల్యాప్‌టాప్ ఇంకా కొనుక్కోకపోతే, ఉన్న డబ్బంతా దీనికి పెట్టకండి. హ్యాండ్‌హెల్డ్ రెండో మెషీనే. మొదటిది లేకుండా రెండోది కొంటే, పరీక్షల ముందు రోజు ఆ లోటు తెలుస్తుంది.

ఏడు రోజుల సాధన

ఈ వారం సమీక్షలు చూడడం ఆపండి. రోజూ పడుకునే ముందు ఒక చిన్న పుస్తకంలో నాలుగు మాటలు రాయండి: ఈ రోజు ఎప్పుడు ఆడగలిగేవాణ్ని, ఎక్కడ, ఎంతసేపు, ఏ గేము. తీరిక దొరకని రోజు "లేదు" అని రాయండి. అది కూడా జవాబే. ఏడింటిలో ఐదు రోజులు "లేదు" వస్తే కొనడం ఆరు నెలలు వాయిదా వేయండి.

ఎనిమిదో రోజు ఆ పుస్తకం, గీత గీసిన కాగితం పక్కపక్కన పెట్టండి. కుడి పక్క ఉన్నవాటిలో మీ వారానికి అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండే ఎంచుకోండి. ఆ రెండింటిలో ఓడిన మెషీన్లను కొట్టేయండి. మిగిలినవాటిలో సర్వీసు దగ్గరున్నది కొనండి. కొన్నాక నెల రోజులు పోలికల వీడియోలు చూడకండి. కొత్త చిప్ ఏటా వస్తూనే ఉంటుంది. అది వచ్చినంత మాత్రాన మీ చేతిలోని మెషీన్ నెమ్మదించదు.

మా వాడు ఈ సాధన చేశాడు. ఐదు రాత్రులు, ఒక్కోసారి నలభై నిమిషాల లోపు, ఎప్పుడూ పడుకునే. బరువు దగ్గర రెండు మెషీన్లు పోయాయి. మిగిలిన రెండింటిలో హైదరాబాద్‌లో సర్వీసు ఉన్నది అలై ఎక్స్. మూడు నెలలు తేలనిది ఎనిమిదో రోజు తేలింది. ఇరవై వరసల పట్టికలో వాడికి పనికొచ్చినవి రెండు వరసలు.

మీకు పనికొచ్చే రెండు వరసలు వేరే ఉంటాయి. అవి ఏవో ఏ షాపువాడికీ తెలియదు, ఏ సమీక్షకుడికీ తెలియదు. మీ ఏడు రాత్రులకే తెలుసు. ఈ రాత్రే మొదటి పేజీ రాయండి.